స్టీరింగుకు తోడు వచ్చిన నూనె

1932 జూన్ నెలలో నిజాము రాష్ట్ర రైల్వే తన రోడ్డు రవాణా శాఖను 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ప్రారంభించినది. మొదటి డిపోలలో నల్లగొండ జిల్లాలోని నార్కట్‌పల్లి ఒకటి. ఆ కాలపు ఆల్బియన్ బస్సు ఒకటి హైదరాబాదులోని బస్ భవన్‌లో భద్రపరచబడినది. ఆనాటి బస్సుల స్టీరింగు చక్రమును డ్రైవరు తన భుజబలముతోనే త్రిప్పవలసి ఉండెను. దారి తిన్నగా ఉన్నంతవరకు ఆ కష్టము అంతగా తెలియదు. సంతవీధిలో బస్సును వెనుకకు మళ్లించునపుడు, వాగు దిగి మలుపు తిరుగునపుడు, చక్రమును రెండు చేతులతో పట్టి ఒంటి బరువంతయు దానిమీద వేయవలసి వచ్చెడిది.

నేడు అదే నార్కట్‌పల్లి మీదుగా విజయవాడకు పోవు లారీ ఆనాటి బస్సుకంటె అనేక రెట్లు బరువైనది. అయినను దాని చక్రమును డ్రైవరు ఒక చేతితో త్రిప్పగలుగుచున్నాడు. మధ్యకాలములో అతనికి దొరికిన తోడు ఏమిటి? అది ఎట్లు వచ్చినది? ఇంటివద్ద సొంతముగా మరమ్మతు చేసికొనిన తరువాత ఆ తోడు మొండికెత్తినచో దోషమును ఎక్కడ వెదకవలెను? ఈ మూడు ప్రశ్నలకును సమాధానము ఒకే కథలో ఉన్నది. ఏలయన, పవర్ స్టీరింగులోని ప్రతి భాగమును ఏదో ఒక చిక్కును తీర్చుటకే పుట్టినది. ఆ భాగము చెడినపుడు ఆ పాత చిక్కే తిరిగి తల యెత్తును.

ఎడ్లబండికి లేని చిక్కు

తెలంగాణ పల్లెలలోని రెండు చక్రముల ఎడ్లబండికి స్టీరింగుతో పనిలేదు. బండివాడు ఒక ప్రక్క పగ్గము లాగును, ఎడ్లు మళ్లును, కాడి మళ్లును, బండి వెంట వచ్చును. మళ్లించు బలము ఎడ్లదే. నాలుగు చక్రముల బండి వచ్చినప్పుడే చిక్కు మొదలైనది. మలుపులో లోపలి చక్రము చిన్న వలయములోను, వెలుపలి చక్రము పెద్ద వలయములోను పోవలెను. అందుచేత రెండు ముందు చక్రములును ఒకే కోణములో తిరుగరాదు. లోపలిది కొంచెము ఎక్కువ తిరుగవలెను. ఈ ఏర్పాటును 1817లో జర్మనీలోని మ్యూనిక్ నగరమునకు చెందిన బండ్ల నిర్మాత గెయోర్గ్ లాంకెన్‌స్పెర్గర్ రూపొందించెను. మరుసటి సంవత్సరము ఇంగ్లండులో దానికి పేటెంటు తీసికొనిన రుడోల్ఫ్ అకర్మన్ పేరుతోనే అది ప్రసిద్ధికెక్కినది.

మోటారు వాహనములో ముందు లాగు ఎడ్లు లేవు. చక్రములను మళ్లించు పని మనిషి చేతిమీద పడినది. కదలని వాహనములో ఈ పని మరింత కష్టము. వాహనము కదులుచున్నపుడు టైరు దొర్లుచు మళ్లును. నిలిచియున్నపుడు బరువంతయు మోయుచున్న రబ్బరు నేలతో ఒరసికొనుచు మళ్లవలెను.

దీనికి మొదటి ఉపాయము పళ్లచక్రములు. స్టీరింగు చక్రమును 25 డిగ్రీలు త్రిప్పినచో రోడ్డుమీది చక్రము ఒక డిగ్రీ మాత్రమే తిరుగునట్లు అమర్చినారనుకొనుడు. ఒరపిడిలో పోవు భాగమును విడిచిపెట్టినచో, చేతికి కావలసిన బలము 25వ వంతునకు తగ్గును. కాని బలములో వచ్చిన లాభము దూరములో నష్టమగుట యంత్రశాస్త్ర నియమము. బలము ఎంత తగ్గునో చక్రమును అంత ఎక్కువ త్రిప్పవలెను. హైదరాబాదునుండి శ్రీశైలము పోవు దారి మన్ననూరు దాటి నల్లమల అడవిలో ప్రవేశించిన తరువాత, ముఖ్యముగా దోమలపెంటనుండి కృష్ణానదికి దిగునపుడు, మలుపు వెంట మలుపు వచ్చును. అచ్చట చక్రమును అన్ని చుట్లు త్రిప్పుటకు వ్యవధి ఎక్కడిది? కావున పళ్లచక్రములు మాత్రమే చాలవు. బయటినుండి మరొక బలము రావలెను.

ఓడ నేర్పిన పాఠము

ఆ బలమును చేతికి లొంగునట్లు చేయుట ఎట్లో మొదట ఓడలు నేర్పినవి. 1858లో నీట దిగిన గ్రేట్ ఈస్టర్న్ ఆ కాలములో ప్రపంచమునందు అన్నింటికంటె పెద్ద ఓడ. దాని చుక్కానిని మనుష్యుల బలముతో త్రిప్పుట బహు కష్టము. 1867లో దానికి మక్‌ఫార్లేన్ గ్రే అను ఇంజనీరు రూపొందించిన ఆవిరి స్టీరింగు యంత్రమును అమర్చిరి.

ఆ యంత్రము గొప్పతనము దాని బలములో లేదు, విధేయతలో ఉన్నది. ఓడ నడుపువాడు చిన్న చక్రమును త్రిప్పగా ఆవిరికి దారి తెరచుకొనును. చుక్కాని తిరుగును. చుక్కాని కోరిన చోటికి చేరగానే, దాని కదలికయే ఆవిరి దారిని మూసివేయును. చేయి ఆగినచోటనే యంత్రమును ఆగును. ఇటువంటి యంత్రమునకు ఫ్రాన్సులో జోసెఫ్ ఫార్కో అను ఇంజనీరు 'సర్వో మోటారు' అని పేరుపెట్టి, 1873లో ఒక గ్రంథము ప్రకటించెను. సర్వో అను మాటకు మూలము సేవకుడు అను అర్థము గల లాటిన్ పదము. యజమాని ఆగినను ఆగని సేవకుడు ఎంత బలవంతుడైన అంత ప్రమాదకారి. పవర్ స్టీరింగులోని కవాటము, అనగా వాల్వు, పుట్టినది ఈ ఆలోచననుండియే.

నూనెచే పని చేయించుట

ఓడలోని ఆవిరి యంత్రమును కారులో పెట్టుట సాధ్యము కాదు. దాని స్థానమున నూనె వచ్చినది. మూసియున్న పాత్రలోని ద్రవముపై ఒకచోట కలిగించిన పీడనము అన్ని వైపులకును తగ్గకుండ వ్యాపించునని 17వ శతాబ్దమున బ్లేజ్ పాస్కల్ చూపెను. ఉన్నత పాఠశాల విద్యార్థులందరు ఎరిగిన ఈ సూత్రమునుబట్టి ఒక లెక్క వేయవచ్చును. నూనె పీడనము చదరపు సెంటీమీటరుకు 70 కిలోగ్రాములు, పిస్టను వైశాల్యము 30 చదరపు సెంటీమీటర్లు అనుకొనుడు. పిస్టనుపై పడు బలము 70 × 30, అనగా 2,100 కిలోగ్రాముల బరువునకు సమానము. పిడికిలిలో ఇముడు పిస్టను రెండు టన్నుల బలమును ఇచ్చుచున్నది.

ఈ సూత్రమును కారు స్టీరింగుకు చక్కగా అన్వయించినవాడు అమెరికా ఇంజనీరు ఫ్రాన్సిస్ డేవిస్. ఆయన పియర్స్ ఆరో కంపెనీ లారీల విభాగములో పనిచేసి, బరువు వాహనములను త్రిప్పుటలోని బాధను కన్నులార చూచినవాడు. ఉద్యోగము విడిచి, మసాచుసెట్స్ రాష్ట్రములోని వాల్తామ్‌లో ఒక చిన్న పనిశాల పెట్టుకొని, 1926 నాటికి ఒక పియర్స్ ఆరో కారుకు తన యంత్రమును అమర్చి నడిపి చూపెను.

ఆయన ఎదుర్కొనిన చిక్కు ఇది. నూనెను ఎల్లప్పుడు అధిక పీడనములో నిలువ ఉంచినచో అది ఏదో ఒక కీలునుండి కారును, వేడెక్కును, ఇంజను బలము వృథాయగును. డేవిస్ ఆలోచన సరళమైనది. స్టీరింగు తిన్నగా ఉన్నపుడు కవాటము నడిమి స్థానమున తెరచియే ఉండును. పంపు నెట్టిన నూనె అడ్డులేకుండ తిరిగి డబ్బాలోనికి వచ్చుచుండును. డ్రైవరు చక్రము త్రిప్పగానే కవాటము వెంట్రుకవాసి జరిగి, తిరుగుదారిని ఇరుకు చేసి, నూనెను పిస్టను యొక్క ఒక ప్రక్కకు పంపును. పీడనము అప్పుడు మాత్రమే పెరుగును. చక్రము ఆగగానే కవాటము మరల నడిమికి వచ్చును.

జనరల్ మోటార్సు సంస్థ ఆయనతో ఒప్పందము చేసికొనినది. కాని 1930 దశకపు ఆర్థిక మాంద్యములో ఖర్చు ఎక్కువని వెనుకకు తగ్గినది. రెండవ ప్రపంచ యుద్ధములో బరువైన సైనిక వాహనములకు ఈ ఏర్పాటు ఉపయోగపడినది. 1951లో క్రైస్లర్ సంస్థ తన ఇంపీరియల్ కారులో దీనిని అమర్చి అమ్మకమునకు తెచ్చెను. డేవిస్ చూపిన 25 సంవత్సరములకు గాని సామాన్య కొనుగోలుదారునకు అది అందలేదు. భారతదేశమున 1969లో అశోక్ లేలండ్ సంస్థ లారీలు, బస్సుల వంటి వాహనములలో పవర్ స్టీరింగును ప్రవేశపెట్టినది.

నల్లగొండ జిల్లాలో నాగార్జునసాగరునకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగినది. 1967లో కాలువలకు నీరు వదలిరి. రాతికట్టడమైన ఆ ఆనకట్ట చాలవరకు కూలీల రెక్కల కష్టముతో లేచినది. ఎడమ కాలువ క్రింద వరి పెరిగిన కొలది పొలములలోనికి ట్రాక్టర్లు వచ్చినవి. బురదమడిలో దున్నుచు, గట్టు చివర మాటిమాటికి మళ్లించునపుడు ట్రాక్టరు స్టీరింగు ఎంత బరువో దానిని నడపిన రైతుకు తెలియును. నేటి ట్రాక్టర్లలో పెక్కింటికి నూనెతో పనిచేయు స్టీరింగు ఉన్నది.

విప్పి బిగించిన తరువాత

పెద్ద పట్టణమునకు దూరముగా ఉన్న ఊరిలో మరమ్మతు ఇంటిముందే జరుగుట సహజము. జడ్చర్ల సమీపమున ఒక రైతు తన వాహనమునకు స్టీరింగు నూనె గొట్టము చీలగా, కొత్తది తెచ్చి తానే బిగించెననుకొనుడు. ఇంజను నడిపి చూడగా పంపు మూలుగుచున్నది. చక్రము ఒకసారి తేలికగా, ఒకసారి బరువుగా తిరుగుచున్నది. పంపు పాడైనదని తలచి కొత్త పంపు కొనుట చాలమంది చేయు పొరపాటు. పంపు నిన్నటివరకు బాగుగనే ఉన్నది. మారినది గొట్టము. చివర ఏ భాగమును ముట్టుకొన్నామో అక్కడినుండి వెదకుట మొదటి నియమము.

గొట్టము మార్చినపుడు లోనికి గాలి చొరబడును. నూనెను నొక్కినచో దాదాపు కుదించుకొనదు; గాలి మిక్కిలి కుదించుకొనును. గాలి బుడగలున్న నూనె పాస్కల్ సూత్రము ప్రకారము బలమును వెంటనే అందింపలేదు. డబ్బా మూత తీసి చూచినచో నూనె నురుగు కట్టి పాలవలె కనబడును. దీనికి మందు గాలిని వెడలగొట్టుటయే. సమతలమున వాహనము నిలిపి, వెనుక చక్రములకు అడ్డు పెట్టి, ముందుభాగమును పైకెత్తి గట్టి ఊతములమీద నిలుపవలెను. జాకీని మాత్రమే నమ్మరాదు. గుర్తువరకు నూనె పోసి, ఇంజను నడపకుండ చక్రమును ఒక కొసనుండి మరొక కొసకు మెల్లగా పలుమార్లు త్రిప్పవలెను. మట్టము తగ్గిన కొలది నూనె పోయుచుండవలెను. తరువాత ఇంజనును నెమ్మదిగా నడుపుచు అదే పని చేయవలెను. నురుగు వచ్చినచో ఇంజను ఆపి, అది అణగిన తరువాత మరల చేయవలెను. తయారీదారుల పుస్తకములో వేరొక పద్ధతి చెప్పియున్నచో దానినే అనుసరింపవలెను.

ఎన్నిసార్లు చేసినను నురుగు పోకున్నచో? డబ్బానుండి పంపునకు పోవు గొట్టము బిగింపును చూడవలెను. పంపు నూనెను పీల్చుకొను ఆ వైపున పీడనము తక్కువ. అక్కడి క్లిప్పు వదులుగా ఉన్నచో ఇంజను నడుచునపుడు నూనె బయటికి కారదు. గాలియే లోనికి పోవును. నేలమీద చుక్క కనబడనందున గొట్టము బాగున్నదని తలచుట ఇందుచేత తప్పు.

ఏ బాధ ఏ చోటిది

చక్రము రెండు ప్రక్కలకును బరువుగా ఉన్నచో ముందుగా ఒక పరీక్ష చేయవలెను. ముందు చక్రములను నేలనుండి ఎత్తి, ఇంజను ఆపి, స్టీరింగు త్రిప్పవలెను. అప్పుడును ఎక్కడో పట్టుకొనుచున్నచో దోషము నూనెది కాదు. గ్రీజు ఎండిన కీలో, వంగిన కడ్డీయో కారణము. టైరులో గాలి తగ్గినను స్టీరింగు బరువగును. అవి బాగున్నచో తోడు బలమును పరిశీలింపవలెను. ఇంజను వేగము పెంచినపుడు తేలికయై, తగ్గించినపుడు బరువైనచో పంపు చాలినంత నూనె నెట్టుటలేదు. నూనె మట్టము, పంపు బెల్టు బిగువు, నలిగిన గొట్టము, ఈ వరుసలో చూడవలెను. చక్రమును చివరివరకు త్రిప్పినపుడు కీచుమను శబ్దము వచ్చినచో బెల్టు జారుచున్నదని గ్రహింపవచ్చును. ఇవన్నియు సరిగా ఉన్నప్పుడే పంపును అనుమానింపవలెను.

ఒక ప్రక్కకు తేలికగా, మరొక ప్రక్కకు బరువుగా తిరిగినచో పంపు చాలవరకు నిర్దోషి. రెండు ప్రక్కలకును నూనె పంపునది అదే గదా! దోషము కవాటములోనో, పిస్టను సీలులోనో ఉండును. చేయి తీసినను చక్రము తనంతట తానే ఒక ప్రక్కకు తిరుగుట అన్నింటికంటె భయంకరము. కవాటము నడిమి స్థానమున కూర్చుండలేదని దాని అర్థము. యజమాని ఆగినను ఆగని సేవకుడు మరల వచ్చినాడు. ఆ వాహనమును రోడ్డుమీదికి తీసికొనిపోరాదు. కవాటమును సరిచూచుటకు తగిన పరికరములు, అనుభవము గల మెకానిక్కు కావలెను.

నూనె ఎంపికలో జరుగు తప్పు మెల్లగా హాని చేయును. స్టీరింగు సీళ్లు సామాన్యముగా ఖనిజ తైలమునకు తట్టుకొను రబ్బరుతో చేయబడును. బ్రేకు ద్రవము సాధారణముగా వేరొక రసాయన జాతికి చెందినది. ఇంటిలో మిగిలియున్నదని బ్రేకు ద్రవమును స్టీరింగు డబ్బాలో పోసినచో రబ్బరు ఉబ్బి మెత్తబడి, కొలది కాలములోనే కారుట మొదలగును. అట్లే స్టీరింగు నూనెను బ్రేకులలో పోయుట ప్రాణాపాయము.

మరి రెండు జాగ్రత్తలు. స్టీరింగును కొసకు త్రిప్పి అట్లే బిగబట్టి ఉంచరాదు. అప్పుడు పీడనము గరిష్ఠమై, రక్షక కవాటము తెరచుకొని, నూనె వేడెక్కును. అధిక పీడనపు గొట్టములో సన్నని చిల్లున్నదేమోయని ఇంజను నడుచునపుడు చేతితో తడవి చూడరాదు. సూదివలె చిమ్ము నూనె చర్మములో దూరి వ్రేలిని, చేతిని పోగొట్టగలదు. దూరమునుండి ఒక అట్టముక్కను అడ్డుపెట్టి చూడవలెను. ఒకవేళ నూనె చర్మములో దూరినచో, గాయము చిన్నదిగా కనబడినను వెంటనే ఆసుపత్రికి పోవలెను.

తోడు తప్పినపుడు

కారులోను, లారీలోను తోడు బలము నశించినను స్టీరింగు చక్రమునకు, రోడ్డుమీది చక్రములకు నడుమ లోహపు సంబంధము ఉన్నది. చక్రము బరువగును గాని తెగిపోదు. 1932 నాటి డ్రైవరు స్థితికి మరల వచ్చినట్లే. అయితే నేటి వాహనము బరువు వేరు. వేళ్లతో త్రిప్పుటకు అలవాటు పడినవానికి మలుపు మధ్యలో అది హఠాత్తుగా బరువైనచో ఆపద తప్పదు.

అనేక ట్రాక్టర్లలో ఈ లోహపు సంబంధమే లేదు. అమెరికాలో లిన్ చార్ల్‌సన్ రూపొందించినట్టి ఏర్పాటులో చేతిచక్రము నూనెను కొలిచి పంపును. ఆ నూనెయే చక్రములను త్రిప్పును. ఇంజను ఆగినను చేతిచక్రమే పంపువలె పనిచేసి కష్టముమీద మళ్లించును. కాని గొట్టము తెగి నూనె పోయినచో చక్రము ఎంత త్రిప్పినను ఫలముండదు. అందుచేతనే వేగముగా పోవు కార్లకు, లారీలకు ఈ పద్ధతి వాడరు. పత్తి బోరెములతో నిండిన ట్రాలీని జాతీయ రహదారిమీదికి తెచ్చు ట్రాక్టరు గొట్టములను బయలుదేరుటకు ముందు ఒకసారి చూచుకొనుట నిమిషము పని. ఆ నిమిషము విలువ ఎదుటివచ్చు బస్సులోని వారి ప్రాణముల విలువ.

1988లో జపానులో సుజుకీ సంస్థ తన సెర్వో కారులో నూనెకు బదులు విద్యుత్ మోటారుతో నడచు స్టీరింగును ప్రవేశపెట్టెను. నేటి చిన్న కార్లలో చాలవరకు ఇదే. అందులో పంపు, గొట్టము లేవు. నురుగును వెదకి ప్రయోజనము లేదు. బ్యాటరీ బలహీనమగుట, తీగల కొక్కెము వదులగుట, విప్పి బిగించినపుడు కొలత సాధనము తన మధ్యస్థానమును కోల్పోవుట దాని రోగములు. నూనె పోయినది, విద్యుత్తు వచ్చినది. కాని చేయి ఆగినచోట ఆగవలెనను నియమము మాత్రము మారలేదు.

తరగతిలో ఒక ప్రయోగము

సూదులు లేని రెండు కొత్త ఇంజక్షను సిరంజీలను సన్నని గొట్టముతో కలిపి, బుడగ లేకుండ నీటితో నింపవలెను. ఒకదానిని నొక్కగనే రెండవది లేచును. ఇప్పుడు గొట్టములో కొంచెము గాలిని ఉంచి మరల నొక్కవలెను. చేతి కదలికలో కొంత గాలిని నొక్కుటకే సరిపోవును. రెండవ సిరంజీ ఆలస్యముగా, తడబడుచు లేచును. ఒక సిరంజీ పెద్దది, ఒకటి చిన్నది అయినచో బలములో లాభము, దూరములో నష్టము రెండును విద్యార్థి వేళ్లకే తెలియును.

ఈ ప్రయోగము చేసిన విద్యార్థి ఇంటికి పోయి, పంపు మూలుగుచున్న ట్రాక్టరు ముందు నిలిచిన తండ్రితో, 'కొత్త పంపు కొనుటకు ముందు డబ్బా మూత తీసి చూడుము నాయనా, నురుగున్నదేమో' అని చెప్పగలడు.